ముందే తీర్చిన మొక్కు

నగరి,
18 జూన్ 2006

రేవతికి,

లండన్‌లో చదువుకుంటున్న నీ దగ్గరికి భర్తగా వస్తే, నాకు పని చేసుకునే అనుమతి కూడా ఇస్తారట. చిక్కంతా నా గుండుతో వచ్చింది. వీసా వస్తే నా తలనీలాలు ఇప్పిస్తానని తిరుమల కొండకు మొక్కుకున్న అమ్మ, ఆగలేక ముందే లాక్కెళ్లింది. "ఎట్లన్నా వచ్చేదే గదరా, సామిని ఎందుకు కాచుకోబెట్టేది?" అనింది.

చెన్నైలో వీసా ఆఫీసరు మన పెళ్లి ఫొటోనీ నన్నూ మార్చి మార్చి చూసి, "ఇది మీరేనా?" అన్నాడు. పెళ్లినాటిది కాకుండా, ఇద్దరం కలిసి ఉన్న ఫొటో ఇంకొకటి తెమ్మన్నాడు. పెళ్లైన తొమ్మిదో రోజే నువ్వు విమానమెక్కావు, ఇంకొకటి ఎక్కడిది?

సెలవుల్లో ఒక్కసారి రా, తీయించుకుందాం. నా జుట్టు పెరిగేదాకా ఆగక్కర్లేదు. పక్కన నువ్వుంటే నేనెవరినని ఎవరూ అడగరు.

ఇట్లు,
ఆ ఫొటోలో ఉన్నవాడే