ఓ పాజిటివ్ చెయ్యి

ఫిబ్రవరి 9, ఆదివారం

మా బోరులో నీళ్లు పడ్డాయి. నా చెయ్యే చూపించిందని ఊరంతా అంటోంది. సంతోషించాలో ఏడవాలో తెలియడం లేదు.

జరిగింది ఇదీ. నీళ్లెక్కడున్నాయో చూసి బోరుకు పాయింట్ పెట్టే ఆయన పొదిలిలో పెళ్లికి పోయి తిరిగి రాలేదు. బోరు లారీ అప్పటికే చేలో నిలబడి ఉంది. నేను కాలేజీలో రక్తదానం చేసినప్పుడు ఇచ్చిన బ్లడ్ గ్రూపు కార్డు నాయనకు గుర్తొచ్చింది. మా జ్యోతిది ఓ పాజిటివ్ గదా, దాని చేతికే కాయ ఇయ్యండి అన్నాడు. ఓ పాజిటివ్ వాళ్ల అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెడితే, కింద నీళ్లున్న చోట అది లేచి నిలబడుతుందని మా వైపు నమ్మకం. బీఈడీ చదివిన దాన్ని, కాయ పట్టుకుని మిరపచేలో నడిచాను! గట్టు దగ్గర కాలు జారింది. చెయ్యి పైకి లేచింది, కాయ నిలబడింది. జారింది నాయనా, జారింది అని నేను అరుస్తూనే ఉన్నాను. వాళ్లు అప్పటికే అక్కడ పసుపు కుంకుమ చల్లేశారు.

ఫిబ్రవరి 10, సోమవారం

స్కూల్లో ఏడో తరగతికి ఇంగ్లీషు చెబుతుంటే ఈ రోజు పాజిటివ్ అనే మాట వచ్చింది. వరసగా చెప్పాను. పాజిటివ్ డిగ్రీ అంటే పోలిక లేనిది. టాలర్ కాదు, టాలెస్ట్ కాదు, ఉత్త టాల్. పాజిటివ్ నంబర్ అంటే సున్నా కంటే పెద్దది. పాజిటివ్ రిప్లై అంటే సరేననే జవాబు. ఐ యామ్ పాజిటివ్ అంటే నాకు రవ్వంత అనుమానం లేదని.

వెన్నెల అనే పిల్ల లేచింది. మా తాతకు కరోనా పాజిటివ్ అన్న్యారు, చచ్చిపోయినాడు, మంచి మాటైతే అట్లెట్ల అంటారు మేడం అని అడిగింది. టెస్టులో పాజిటివ్ అంటే వెతికింది దొరికిందని మాత్రమే, మంచో చెడో ఆ మాట చెప్పదు అన్నాను. కూర్చుంది కానీ ఒప్పుకున్నట్టు లేదు.

ఫిబ్రవరి 12, బుధవారం

మార్కాపురంలో స్కూలు అయిపోయి ఇల్లు చేరేసరికి అరుగు మీద పాపమ్మవ్వ. ఒళ్లో కొబ్బరికాయ. మా చేను పక్కనే ఆమె బత్తాయి తోట. మొగుడు పోయే ముందు నాటిన చెట్లు. ఆమె బోరు ఎండిపోయింది. ఈ ఎండల్లో తడి అందకపోతే తోట కట్టెలకే పనికొస్తుంది.

వచ్చి పాయింట్ చూపించమంటే రానన్నాను. నాకేమీ తెలియదన్నాను. ఆమె వెళ్లాక అమ్మ నన్ను కడిగేసింది. మనకు నీళ్లు పడినాయి, ఇంక పక్కోళ్లు ఏమైపోతే మనకేందని ఉండామని ఊళ్లో అనుకోరా అంది. ఆ మాట గుచ్చుకుంది.

ఫిబ్రవరి 13, గురువారం

ప్రిన్సిపాల్ మేడం కూడా వాళ్ల ప్లాటు చూడమన్నారు. కుదరదంటే బీ పాజిటివ్ అని భుజం తట్టారు. ఒళ్లు మండింది.

ఫిబ్రవరి 16, ఆదివారం

వెళ్లాను. కాయ కదిలేది లేదు, నీళ్లు లేవని చెప్పేస్తే పీడా పోతుందనుకున్నాను. చెయ్యి బిగబట్టి తోటంతా తిరిగాను. చెప్పులు వేసుకోకూడదట. నా వెనకే పాపమ్మవ్వ, ఊపిరి కూడా చప్పుడు కాకుండా పీలుస్తూ.

కాయ కదల్లేదు. తూర్పు మూల అరికాల్లో పల్లేరు కాయ గుచ్చుకుంది. కొబ్బరికాయ కింద పెట్టి, ముల్లు తీసుకుని, లేదవ్వా, ఎక్కడా లేదు, బోరు వేయించొద్దు అని స్పష్టంగా చెప్పాను. సరే తల్లీ అంది. ఆమె ముఖం వైపు చూడకుండా వచ్చేశాను. ఒక గండం గడిచింది.

ఫిబ్రవరి 18, మంగళవారం

పాపమ్మవ్వ మేకలను అమ్మేసిందని అమ్మ చెప్పింది. ఎందుకని అడగడానికి భయమేసింది.

ఫిబ్రవరి 20, గురువారం, సాయంత్రం ఐదు

ఆటో దిగుతుండగానే బోరు లారీ మోత వినిపించింది. బ్యాగు గట్టు మీద పడేసి పరిగెత్తాను. తూర్పు మూల. నేను కొబ్బరికాయ కింద పెట్టిన చోటే! అక్కడ ఆమె ఆ రోజే గుర్తుకు రాయి పెట్టుకుందట.

ముల్లు తీసుకోవడానికి దించాను అవ్వా, ఆపించు అని బతిమాలాను. పిచ్చిదానా, అంత తోటలో ముల్లు అక్కడే ఎందుకు గుచ్చుకునింది, నీకు తెలీకపోయినా నీ చేతికి తెలుసులే అంది. లారీ వాళ్లను ఆపమన్నాను. వాళ్లు ఆమె వైపు చూశారు. ఆమె కానియ్యండయ్యా అంది.

ఏడు గంటలు

పలకరాయి పొడి తప్ప ఇంకేమీ రాలేదు. బురద కాదు కదా, చెమ్మ కూడా లేదు. లారీ వెళ్లిపోయింది. చెట్లన్నీ బూడిద రంగులో ఉన్నాయి.

ఫిబ్రవరి 22, శనివారం

తిడుతుందనుకుని వెళ్లాను. తిట్టించుకోవాలనే వెళ్లాను. పాపమ్మవ్వ నాకు మజ్జిగ ఇచ్చింది. తప్పు నాదేలే తల్లీ, ముండమోపిదాన్ని, నీ ఎనకాల నడవకుండా ఉండాల్సింది అంది. కాదవ్వా కాదు అని ఏడ్చాను. ఆమే నా వీపు నిమిరింది. నా మాట ఒక్కటీ నమ్మలేదు, నా చేతినేమో ఇంకా నమ్ముతూనే ఉంది. ఆ చేతిని నరికేసుకోవాలనిపించింది.

ఇంటికొచ్చి నాయనను అడిగాను, మన బోరు నీళ్లు ఆమె తోటకు కూడా పెడదామని. మిరపకే సాలీసాలకుండా ఉండాయి, పంట ఎండబెట్టుకుని దానధర్మాలా, మళ్ల ఆ మాట ఎత్తొద్దు అన్నాడు. అన్నం సగంలో వదిలి లేచిపోయాడు.

ఫిబ్రవరి 23, ఆదివారం

కరెంటు రాగానే నేనే వెళ్లి మోటారు వేశాను. గట్టుకు గండి కొట్టి కాలువను పాపమ్మవ్వ తోటలోకి తిప్పాను. మొదటి వరస చెట్లు తడిసేసరికి నాయన వచ్చాడు. చెప్పులు విడిచి కాలువలోకి దిగాడు. పార ఇట్లియ్యి అన్నాడు. ఇచ్చాను.

గండిని ఇంకాస్త వెడల్పు చేశాడు.