కాలివేళ్లు

గురువారం, హాలియా

మిలిటరీ దవాఖానల ఫిజియోథెరపిస్టు కొలువుకు సోమవారం నా ఇంటర్వ్యూ. ఎముకలు, నరాలు అన్నీ రెండుసార్లు తిరగేసిన. నిన్నటిదాంక ఏ ఫికరు లేకుండె.

పొద్దున మా క్లినిక్‌కు సెలవు మీదున్న జవాను ఒకాయన వచ్చిండు. మోకాలికి ఆపరేషన్ అయింది, వచ్చే నెల డ్యూటీల చేరాలె. కాలు మెల్లగ వంచుకుంట "నొస్తుందా అన్నా?" అని అడిగిన. "లేదు మేడం, ఇంకా వంచుండ్రి" అన్నడు. మొఖంల నవ్వు చెదరలే. నేను ఇంకింత వంచిన.

నాకు సద్ది తెచ్చి బెంచీ మీద కూసున్న మా అవ్వ, "ఆపు బిడ్డా, ఆయన కాలివేళ్లు జూడు" అన్నది.

వేళ్లు ముడుచుకొని తెల్లగైనయి.

అవ్వ బడికి పోలే. ఊర్ల ఎవరి కాలు బెణికినా ఆముదం రాసి సరిజేసేది. ఇంటికొచ్చినంక చెప్పింది: "నాట్లేసే ఆడోళ్లు గూడ గంతే. నొస్తుందంటే రేపు పనికి పిలువరని లేదంటరు. నేను ఎన్నడు మొఖం జూడలే."

గిది పుస్తకంల యాడ రాసిండ్రు? నొప్పి పదిల ఎంత అని అడుగుడే నేర్పిండ్రు నాకు. గా దవాఖాన నిండ లేదనేటోళ్లే ఉంటే నేనేం జెయ్యాలె…

ఇందాక అవ్వ మంచం మీదికెల్లి లేస్తుంటే, "నీ మోకాళ్లు ఎట్లున్నయే?" అని అడిగిన.

"నాకేమైంది, మంచిగనే ఉన్నయి. నువ్వు చదువుకో పో" అన్నది.

ఈసారి నేను మొఖం చూడలే. ఆమె వేళ్లు నేలను గట్టిగ పట్టుకొని ఉన్నయి.