ఆషాఢానికి అత్తయ్యే వెళ్తారు

తేజా, నర్సుగారు ఇప్పుడే ఫోన్ చేశారు. రేపటి నుంచి ఇంటికే వచ్చి మామ్మ నొప్పి సంగతి చూసుకుంటారట. ఆనందంలో పాలు పొంగిపోయాయి, పొయ్యిగట్టు తుడువు. ఆవిడ చెప్పిన మందు కోసం మారేడ్‌పల్లి వెళ్తున్నాను. మామ్మ పెదవులు తడిగుడ్డతో అద్దుతూ ఉండు. అత్తయ్య కుర్చీలోనే నిద్రపోయారు, లేపకు.

మామ్మ ఇవాళ నాతో ఏమన్నారో తెలుసా? "మీ అత్త నా ముందు జబ్బు తగ్గిపోతుందంటూ నవ్వుతుంది, బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడుస్తుంది. నేను పోతున్నానని నాకు తెలుసే. ముందు దాన్ని పడుకోమను." మీరెవరూ మామ్మతో ఈ మాట ఎత్తరు. నేను కూర్చుని విన్నాను.

రేపటి నుంచి ఆషాఢమని, నన్ను పుట్టింటికి పంపమని మీ మేనత్తగారు మళ్లీ ఫోన్ చేశారు. అత్తాకోడళ్లు ఒకే గడప దాటకూడదు, అంతేగా? దాటం. అల్వాల్‌లో మా అమ్మ దగ్గరికి అత్తయ్య వెళ్తారు, తిని హాయిగా నిద్రపోతారు. నేను కదలను. అడిగితే నా పేరే చెప్పు.

యోగిత

మొగుడూపెళ్లాల నియమం కూడా తప్పనులే, మామ్మ గదిలోనే నా పడక. దోమతెర మాత్రం నువ్వే కట్టాలి.

అత్తయ్యకి ఇంకా తెలీదు. వెళ్లనంటారు. రేపు పొద్దున్న మామ్మే చెబుతారట, అన్నీ.