మంచం కింది ఆంప్లిఫయర్

నాయనా,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. నువ్వు కొని, పెట్టె విప్పకుండానే వదిలేసిన పవర్ ఆంప్లిఫయర్ ఇన్నాళ్లూ మంచం కిందే ఉంది. "దాన్ని ఎవురూ ముట్టుకోవద్దు" అంది అమ్మ. ఈరోజు తను మన కొట్లో బేరాల్లో ఉండగా చెప్పకుండా విప్పాను.

అన్నీ ఆపేసి, మనం పాటలు పెట్టుకునే రిసీవర్ వెనక ప్రీ-అవుట్ అని రాసున్న రంధ్రాల నుంచి ఆంప్‌కి కేబుళ్లు కలిపాను. రెండు పెద్ద స్పీకర్ల వైర్లు రిసీవర్ నుంచి తీసి ఆంప్‌కి మార్చాను. ఎరుపు ఎరుపుకే ఉందా అని మూడుసార్లు చూసుకున్నాను. నువ్వు రోజూ తుడిచే రిసీవర్ నా చేతుల్లో కాలిపోతుందేమోనని భయం. "ముందు రిసీవర్, తర్వాతే ఆంప్" అనేవాడివి కదా, అదే వరుసలో ఆన్ చేశాను.

హొగేనక్కల్‌లో నువ్వు ఫోన్లో రికార్డు చేసిన జలపాతం పెట్టాను. కిటికీ అద్దాలు అదిరాయి.

"సౌండు తగ్గించు! అక్కంపక్కం వాళ్లు ఏమనుకుంటారు?" కొట్లోంచి అమ్మ కేక. ఏడాదిగా ఆ కేక వినలేదు.

గదిలోకి వచ్చి ఆంప్‌ని చూసింది.

"మీ నాయనతోనే వేగలేకపోయినాను. ఇంక నీతో కూడానా?" అంటూనే నీ కుర్చీలో కూర్చుంది.

నువ్వు ఎప్పుడూ చేసినట్టే, సౌండు ఒక్క పాయింటు మాత్రం తగ్గించాను.