నల్లటి తెర మీద మా నరేష్ గొంతు

ఆదివారం, రాత్రి

ఇవాళ మెదక్‌లో మా నరేష్ సినిమా వేశారు. వాడు పోయాక వాడి దోస్తు సల్మా, వాడు రాసిన కవిత మీద తీసిన డాక్యుమెంటరీ. అందులో కథ లేదు. ముందు మంజీర నీళ్ళు, తర్వాత ఉత్త నల్లటి తెర, ఆ నలుపులో ఆ కవిత చదువుతూ ఫోన్‌లో రికార్డయిన వాడి గొంతు. కవిత చీకటి గురించే కదా, బొమ్మ వద్దనుకుంది సల్మా.

జనం నవ్వుతారేమోనని పొద్దుటి నుంచీ నాకు ఒకటే భయం. అదే అయింది. తెర నల్లబడగానే హాలు మనిషి మిషన్ చెడిపోయిందనుకుని, సౌండ్ ఆపేసి లైట్లన్నీ వేశాడు.

"గిదేం సినిమా వదినా, బొమ్మనే లేదు!" అని మా మరిది యాదగిరి నవ్వాడు.

నలుగురిలో నోరు విప్పనిదాన్ని, లేచి నిలబడి అరిచాను. "లైట్లు బంద్ చెయ్యుండ్రి! నా కొడుకు ఇంకా మాట్లాడుతుండు!"

హాలంతా చీకటైంది, సౌండ్ మళ్ళీ వచ్చింది. వాడు చివరిదాకా చెప్పాడు. ఒక్కరూ దగ్గలేదు. తర్వాత చప్పట్లే చప్పట్లు.

"జర ఇంకోపారి ఎయ్యి బిడ్డా, ఇందాక నవ్వుకుంట సగం ఇనలే," అన్నాడు యాదగిరి సల్మాతో.

మళ్ళీ వేశారు. గెలిచాడు నా బిడ్డ!

ఇక వేరే ఊళ్ళలో కూడా వేస్తారట. అక్కడ లేచి అరవడానికి ఎవరుంటారు... నన్నూ తీసుకుపొమ్మని సల్మాను అడగాలి.