కొరికి చూడని గింజ

మిర్యాలగూడ, 2009 నవంబర్, బుధవారం

మిల్లులో వడ్ల తేమ చూసేది నా ప్రోగ్రామే. మీటరు లెక్క సి భాషలో ఉంటుంది, తెర మీద చూపించేది పైథాన్. రెండింటినీ కలిపే కోడ్‌ను ఒక కమాండ్ కొట్టి పుట్టిస్తాను. అది తప్పులు చూపించకపోతే అంతా బాగున్నట్టే అనుకోవడం నా అలవాటు.

ఈరోజు గరిడేపల్లి నుంచి ట్రాక్టర్‌లో వడ్లు తెచ్చిన ఒక పెద్దాయనకు ఇరవై నాలుగు శాతం తేమ చూపించింది. పచ్చి వడ్లంటూ గుమాస్తా వెనక్కి తీసుకుపొమ్మన్నాడు. పెద్దాయన ఒక గింజ కొరికి, గుప్పెడు నా టేబుల్ మీద పోశాడు.

"నాలుగు దినాలు రోడ్డు మీద ఎండబోసిన బిడ్డా. నువ్వే కొరికి సూడు, ఎండిన గింజ పటుక్కుమంటది. మొగులైతున్నది, వానొచ్చేటట్టున్నది, మళ్ల యాడ ఎండబెట్టాలె?"

"మిషన్ అబద్ధం చెప్పదు తాతా" అన్నాను. కొరకలేదు.

ట్రాక్టర్ వెళ్లిపోయిన చాలాసేపటికి అనుమానమొచ్చి కోడ్ తెరిచాను. నిన్న సి ఫంక్షన్‌లో తేమ, ఉష్ణోగ్రతల వరస మార్చింది నేనే. పైథాన్‌లో పాత వరసే వదిలేశాను. రెండూ అంకెలే కాబట్టి కమాండ్ కిక్కురుమనలేదు. గింజల వేడిని వాటిలోని తడి అనుకుని లెక్క కట్టింది.

సరిచేశాను గానీ గుమాస్తాకు చెప్పలేదు. చెబితే ఇగ నీ కంప్యూటర్ వద్దంటాడేమో. చెప్పకపోతే ఆ పెద్దాయనను పిలిచేదెవరు? పేరైనా అడగలేదు నేను.

ఆయన పోసిన గింజలు టిఫిన్ డబ్బాలో వేసుకుని తెచ్చాను. ఇప్పుడే ఒకటి కొరికాను. పటుక్కుమంది.

బయట రేకుల మీద చినుకులు మొదలయ్యాయి.