మీ బాతు మా పెరట్లో ఉంది

పక్షుల ఆఫీసు వారికి,

అయ్యా, ఇక్కడ మేము క్షేమం. మీ బాతు కూడా క్షేమం. మీరూ క్షేమమని తలుస్తాను.

నాది గడియారాలు బాగుచేసే దుకాణం. వారం కిందట రెక్క దెబ్బతిన్న బాతు ఒకటి మా పెరట్లో పడింది. కాలికి కడియం, దాని మీద మీ చిరునామా ఉన్నాయి. నర్సుగా చేసి రిటైరైన మా అక్కయ్య దానికి కట్టు కట్టి, పూటపూటా మేత పెడుతోంది. త్వరగా వచ్చి తీసుకెళ్లండి. ఆలస్యమైతే అక్కయ్య ఇవ్వదు.

ఇట్లు,
గడియారాల మిస్త్రీ

తా.క.: మీ బాతు చెప్పాపెట్టకుండా వంటింట్లోకి వస్తోంది. మీ ఇంట్లో కూడా ఇంతేనా?

*

గడియారాల మిస్త్రీ గారికి నమస్కారం.

ఆ బాతు మాది కాదండీ. అది అడవి బాతు, ఎవరి సొత్తూ కాదు. రింగు మాత్రం మేం వేసిందే. దాని మీది నంబరు రాసి పంపండి చాలు. రెక్క నయమయ్యాక వదిలేయండి. రింగు తీయకండి.

ఇట్లు,
రింగుల విభాగం అధికారి

తా.క.: నేను అయ్యను కాదు, అమ్మను.

*

అమ్మా, నమస్కారాలు.

మీ ఉత్తరం విని అక్కయ్య మండిపడింది. "కాలికి కడియం వేసి గాలికొదిలేసి, ఇప్పుడు మాది కాదంటారా? వీళ్లకి మనసనేది ఉందా?" అంది. నేనే సర్దిచెప్పాను.

ఇక నంబరు సంగతి. కడియం బాగా మాసిపోయి ఉంది. నా చేతికొచ్చిన వస్తువును మాసిన మొహంతో తిరిగి పంపడం నలభై ఏళ్లలో లేదు. మీ ఉత్తరం రాకముందే విప్పి మెరుగు పెట్టాను. ఇప్పుడు అద్దంలా ఉంది. నంబరు మాత్రం లేదు.

ఇట్లు,
మిస్త్రీ

తా.క.: చిరునామా కూడా లేదు. మీ కవరు చూసి రాస్తున్నాను.

*

మిస్త్రీ గారికి,

మీ ఉత్తరం చదివి కాసేపు తల పట్టుకుని కూర్చున్నాను. ఎక్కడ, ఏ ఏడాది రింగు వేశామో ఆ నంబరే చెప్తుంది. ఎక్కడ కనిపించిందో మీలాంటివాళ్లు రాస్తే, ఆ పక్షి ఎంత దూరం పోతుందో, ఎన్నేళ్లు బతుకుతుందో తెలుస్తుంది. నంబరు పోతే ఊరూ పేరూ లేని బాతే. మేం కొత్త రింగు తెచ్చేదాకా వదలకండి. దేనికీ మెరుగు పెట్టకండి.

ఇట్లు,
రింగుల అధికారి

తా.క.: అక్కయ్యగారికి చెప్పండి, మనసుంది.

*

అమ్మా,

తప్పు నాదే. సిగ్గుపడుతూ రాస్తున్నాను. మీ ఉత్తరం చేరేసరికి బాతు లేదు. వారం కిందట పొద్దున్నే అక్కయ్య చేతుల్లోంచే ఎగిరిపోయింది.

అయితే అక్కయ్యకి ఆసుపత్రి అలవాటు పోలేదు. మొదటిరోజే బాతుకి కేసు షీటు రాసింది: జ్వరం లేదు, ఆకలి ఉంది, కడియం నంబరు ఇది. ఆ కాగితానికి నకలు తీసి పంపుతున్నాను.

ఇప్పుడు రోజూ పెరటి గుమ్మంలో కూర్చుని ఆకాశం చూస్తోంది. "రెక్క సరిగ్గా అతుక్కుందో లేదోరా" అంటుంది. చూడలేకపోతున్నాను. అది బతికుందని ఎలా తెలుస్తుందమ్మా?

ఇట్లు,
మిస్త్రీ

తా.క.: బోసి కాలితో సాగనంపడం బాగుండదని, పల్చటి రేకుతో కొత్త కడియం చేసి వేశాను. మా దుకాణం చిరునామా చెక్కాను. చెప్పడం మరిచాను.

*

మిస్త్రీ గారికి, అక్కయ్యగారికి,

నంబరు చూశాను. ఉద్యోగంలో చేరిన మొదటి వారం నా చేత్తో వేసిన రింగు అది. తొమ్మిదేళ్లయింది. దాని గురించి వచ్చిన మొదటి ఉత్తరం మీదే. నేనూ ఇన్నేళ్లు అక్కయ్యగారిలాగే ఎదురుచూశాను. ఎవరో ఒకరు చూసి రాయాలి, అంతకన్నా దారి లేదు.

మీ,
రింగుల అమ్మ

తా.క.: సొంతంగా రింగులు వేయకూడదు. మీ తా.క. నేను చదవలేదు.

*

అమ్మా,

ఎనిమిది నెలల తర్వాత రాస్తున్నాను. నిన్న, రైల్లో మూడు రోజుల దూరం నుంచి ఒక ఉత్తరం వచ్చింది. "అయ్యా, మీ బాతు మా దగ్గర ఉంది. చెరువులో వలకి చిక్కితే విడిపించి గంప కింద ఉంచాం. ఐదు పిల్లలు దాని కోసం గట్టున గోల పెడుతున్నాయి. త్వరగా వచ్చి తీసుకెళ్లండి" అని.

అక్కయ్య రెండుసార్లు చదువుకుని ఏడ్చింది. తర్వాత కేసు షీటు తీసి అడుగున 'డిశ్చార్జ్' అని రాసింది.

నేను వెంటనే జవాబు రాశాను: "ఆ బాతు మాది కాదండీ. ఎవరి సొత్తూ కాదు. కడియం మాత్రం తీయకండి."

ఇట్లు,
మిస్త్రీ

తా.క.: ఆ ఉత్తరం వెనకాల కూడా తా.క. ఉంది, ఇప్పుడే చూశాను. రాసినాయన కంసాలి అట. కడియం మరీ మోటుగా ఉందని విప్పి, నగిషీ చెక్కుతున్నాడట.